ఆ రోడ్లు ఎందుకంత ఖాళీ?

ఫ్రాన్సు పల్లెల్లో సైకిలు యాత్ర చేసొచ్చిన మనవాళ్ళు చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. రోడ్డు అద్దంలా ఉంది, గంటసేపు తొక్కినా నాలుగు కార్లు ఎదురు రాలేదు, హారన్ అన్నమాటే లేదు, ఎంత ప్లానింగండీ వాళ్ళది! ఉద్యోగరీత్యా తులూజ్‌లో ఉన్న రోజుల్లో వారాంతాల్లో నేనూ అలాంటి రోడ్ల మీద బాగానే తొక్కాను. రోడ్ల సంగతి నిజమే. ప్లానింగు దగ్గరే నాకు పేచీ. ఆ రోడ్లని సైకిళ్ళ కోసం ఎవరూ ప్లాన్ చెయ్యలేదు. ఖాళీగా ఉంచాలని అసలే అనుకోలేదు.

కథ వెట్టి దగ్గర మొదలవుతుంది. 1738లో ఓరీ అనే ఆర్థికమంత్రి రాచబాటల కోసం రైతులు ఏటా కొన్ని రోజులు కూలి లేకుండా పనిచెయ్యాలని దేశం మొత్తానికీ ఖాయం చేశాడు. దాన్ని వాళ్ళు కొర్వే అన్నారు, మనం వెట్టి అంటాం, తెలంగాణ వాళ్ళకి వేరే వివరించక్కర్లేదు. తమాషా ఏంటంటే రైతు రాళ్ళు మోసి వేసిన రోడ్డు పారిస్‌కి పోతుంది, అతని ఊరికి మాత్రం రాదు.

ఇక్కడ త్రెసాగే అని ఒక ఇంజనీరు వస్తాడు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన మనిషి. లిమోజ్ ప్రాంతంలో పనిచేసేవాడు, అప్పుడక్కడ పాలనాధికారి త్యుర్గో. త్యుర్గో వెట్టిని తీసేసి దాని బదులు పన్ను పెట్టాడు. పన్ను వస్తే జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకోవచ్చు. త్రెసాగే గమనించిందేంటంటే, వెట్టి ఉన్నన్నాళ్ళూ రోడ్డు రిపేరు ఏడాదికి రెండుసార్లే జరిగేది, వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి. మధ్యలో ఆరు నెలలు గుంట పడినా దిక్కులేదు. అందుకని ముందే పద్దెనిమిది అంగుళాల మందాన రాళ్ళు కుమ్మరించేవారు. రోజూ చూసుకునే మనిషి ఉంటే పది అంగుళాలు చాలని అతను చేసి చూపించాడు. ఏడాదికి రెండే రిలీజులిచ్చే ప్రాజెక్టులో ప్రతిదానికీ ఎందుకంత బరువు పెట్టి కడతారో తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. త్యుర్గో తర్వాత మంత్రి అయ్యి 1776లో దేశమంతటా వెట్టి రద్దు చేశాడు, అదే ఏడు పదవి పోగొట్టుకున్నాడు, వెట్టి మళ్ళీ వచ్చింది. చివరికి పోయింది 1787లో.

ఇదంతా రాచబాటల సంగతి. మనం సైకిలు తొక్కే చిన్న రోడ్లు పుట్టింది 1836 మే 21 నాటి చట్టంతో. ఊరికీ ఊరికీ మధ్య దారులు, వాళ్ళ మాటల్లో షెమాఁ విసినాల్, బాగుచేసే బాధ్యత కమ్యూన్ మీద పెట్టింది ఈ చట్టం. కమ్యూన్ అంటే మన పంచాయతీ అనుకోండి. డబ్బు లేకపోతే మనుషుల్ని పంపాలి: పద్దెనిమిది నించి అరవై ఏళ్ళలోపు ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళు ఏటా మూడు రోజుల వరకూ, వాళ్ళతోపాటు బళ్ళూ, పశువులూ. ఇష్టంలేని వాడు డబ్బు కట్టి తప్పించుకోవచ్చు. యాభై ఏళ్ళ కిందట పోయిన వెట్టి దొడ్డిదారిన మళ్ళీ వచ్చింది కదా అని అప్పుడూ కొందరు గొణిగారు. ఒక్క తేడా మాత్రం ఉంది, ఈసారి రోడ్డు వాళ్ళ ఊరికే వస్తుంది. పైగా ఈ పని చూడ్డానికి ప్రిఫెక్ట్, అంటే జిల్లా కలెక్టరు లాంటాయన, జీతం మీద సర్వేయర్లని పెట్టాడు. కమ్యూన్ ఊరుకుంటే ప్రిఫెక్టే బలవంతంగా పన్ను వేసి పని చేయించవచ్చు. చట్టానికి కోరలు అక్కడ ఉన్నాయి.

వేల కొద్దీ కమ్యూన్లున్న దేశంలో (ఇప్పటికీ దాదాపు 35 వేలున్నాయి) ప్రతిదీ పక్క నాలుగు ఊళ్ళకీ దారి వేసుకుంటే ఏమవుతుంది? పటం మీద సాలెగూడు తయారవుతుంది. ఇవాళ ఫ్రాన్సులో పది లక్షల కిలోమీటర్ల పైచిలుకు రోడ్లున్నాయి. అందులో మోటారువే పన్నెండు వేలలోపే. చాలామటుకు మిగిలినదంతా జిల్లాలదీ, కమ్యూన్లదీ.

సరే, రోడ్లు వచ్చాయి. మరి జనం ఏమయ్యారు?

ఆ రోడ్ల మీదే వెళ్ళిపోయారు. క్రజ్ అని మధ్య ఫ్రాన్సులో ఒక జిల్లా ఉంది, లిమోజ్‌కి తూర్పున. అక్కడి మగవాళ్ళు తాపీమేస్త్రీలు. వసంతం రాగానే కాలినడకన పారిస్ వెళ్ళి, ఇళ్ళు కట్టి, చలికాలానికి ఊరొచ్చేవాళ్ళు. మన పాలమూరు కూలీలు గుర్తొస్తారు. తర్వాత రైలొచ్చింది. ఏటా వచ్చిపోవడం తగ్గింది, పెళ్ళాం పిల్లల్ని తీసుకుని అక్కడే స్థిరపడటం మొదలైంది. 1851లో ఆ జిల్లా జనాభా 2 లక్షల 87 వేలు. ఇప్పుడు సుమారు లక్షా పదిహేను వేలు. చదరపు కిలోమీటరుకి ఇరవైమంది చిల్లర.

మధ్యలో 1914 వచ్చింది. ఆ యుద్ధంలో ఫ్రాన్సు పోగొట్టుకున్నది పదమూడు లక్షల పైన, ఎక్కువమంది పల్లెటూరి కుర్రాళ్ళే. సైకిలు మీద తిరిగేవాడికి ఈ లెక్క పుస్తకం చదవకుండానే తెలుస్తుంది. ప్రతి ఊళ్ళోనూ చర్చి దగ్గరో, మేయరాఫీసు దగ్గరో పేర్లు చెక్కిన రాయి. నీళ్ళ కోసం ఆగుతాం, పంపు ఎక్కడుందా అని చూస్తుంటే పక్కనే అది. అప్రయత్నంగా లెక్కపెడతాం. ఒకే ఇంటిపేరు మూడుసార్లు, నాలుగుసార్లు. పాతిక ఇళ్ళు కూడా కనబడని ఊళ్ళో పాతిక పేర్లు. ఇదే క్రజ్ జిల్లాలో జాన్సియూ అనే ఊళ్ళో 1922లో పెట్టిన స్మారకం మీద సైనికుడి బొమ్మ లేదు. బడికెళ్ళే అనాథ పిల్లాడు టోపీ చేత పట్టుకుని, పిడికిలి ఎత్తి, యుద్ధాన్ని శపించే వాక్యం వైపు చూపిస్తుంటాడు. ప్రిఫెక్ట్ దాన్ని ప్రారంభించడానికి ఒప్పుకోలేదు.

ఆ తర్వాత ట్రాక్టర్లొచ్చి మిగిలిన కూలీల్ని పంపించేశాయి. దూరం వెళ్ళే కార్లనీ లారీలనీ మోటారువేలు లాగేసుకున్నాయి. 1972 నించి కేంద్రం దాదాపు 53 వేల కిలోమీటర్ల జాతీయ రహదారుల్ని జిల్లాల చేతిలో పెట్టేసింది, 2006లో ఇంకో 18 వేలు. మన భాషలో చెప్పాలంటే పదిమందికి సరిపోయే సర్వర్లు, ఇద్దరే యూజర్లు, అయినా ఎవరూ ఆపెయ్యలేదు. ఎలా ఆపుతారు? ఆ చివరింట్లో ఒక ముసలావిడ ఉంది, ఆవిడకి ఉత్తరాలు రావాలి.

ఈ ఖాళీని సైకిలు వాళ్ళు కనిపెట్టారు, అంతే. పోల్ ద వివీ అని సాంత్-ఎతియెన్ వ్యాపారి, వెలోసియో అన్న కలంపేరుతో 1887 నించి ఒక సైకిలు పత్రిక నడిపాడు. పందెం కోసం కాదు, చూడ్డానికి తొక్కండి అనేవాడు. కొండ ఎక్కడానికి రకరకాల గేర్లుండాలని వాదించాడు. పందేల వాళ్ళు అది మగతనం కాదన్నట్టు ఎగతాళి చేశారు, టూర్ ద ఫ్రాన్స్‌లో డిరెయిలర్ గేరుని ఒప్పుకున్నది 1937లో. వివీ 1930లోనే పోయాడు, ట్రాము గుద్ది. ఇక 1936లో కార్మికులకి రెండు వారాల జీతంతో కూడిన సెలవులు చట్టమయ్యాయి. ఫ్యాక్టరీల్లో పనిచేసే జంటలు టాండెమ్ సైకిళ్ళేసుకుని ఊళ్ళమీద పడ్డారు. వాళ్ళలో చాలామంది తాతలు ఆ ఊళ్ళనించే పారిస్ వెళ్ళినవాళ్ళు.

బోర్డులు పెట్టిన ప్రత్యేక సైకిలు బాటలూ ఉన్నాయి, కాదనను. అవీ అంతే, ఇంకో పని కోసం కట్టి ఆ పని పోయాక మిగిలినవే. నాంత్ నించి బ్రెస్త్ దాకా 364 కిలోమీటర్ల కాలవ నెపోలియన్ కాలంలో మొదలుపెట్టారు, ఇంగ్లీషు యుద్ధనౌకలు సముద్రం మీద దారి మూసేస్తే బ్రెస్త్ రేవుకి సరుకు లోపలినించి చేరాలని. కట్టడం పూర్తయ్యేసరికి నెపోలియనూ లేడు, ఆ యుద్ధమూ లేదు. పడవని తాడుతో లాగుతూ నడిచే గట్టు మాత్రం ఉంది (గోదావరి కాలవల వాళ్ళకి ఇది తెలిసిన దృశ్యమే). ఇప్పుడది సైకిళ్ళకి. బుర్గుండీలో జివ్రీ నించి క్లూనీ దాకా మూతపడ్డ రైలు లైను మీద 1997లో దేశంలోనే మొదటి వ్వా వేర్త్, అంటే పచ్చదారి, తెరిచారు. చాలా హాయిగా ఉంటుంది, పిల్లల్ని తీసుకెళ్ళచ్చు. కానీ నన్నడిగితే రైలు దారి రైలు దారే. వాలు తక్కువ, మలుపులు తక్కువ, ఊరు ఎప్పుడూ కాస్త పక్కనే ఉంటుంది. నా ఓటు మిషెలిన్ పటంలో తెల్లగీతలుగా కనబడే రోడ్లకి. అవి ప్రతి గుట్టా ఎక్కిస్తాయి, ప్రతి ఇంటి ముందునించీ తీసుకెళ్తాయి.

అయితే ఆ ఇంట్లోవాళ్ళ వైపునించి కూడా చూడాలి. మనకి ప్రశాంతత అనిపించేది వాళ్ళకి డాక్టరు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండటం. బడి మూసేశారు, కాఫీ కొట్టు మూసేశారు, రొట్టెల వ్యాను వారానికి రెండుసార్లు. కారు లేకపోతే బతుకే లేదు. 2018 జులై నించి ఈ చిన్న రోడ్ల మీద వేగపరిమితి 90 నించి 80కి తగ్గించి, పైగా ఇంధనం మీద పన్ను పెంచబోతే, నవంబరులో పసుపు జాకెట్లేసుకుని రోడ్డెక్కిన వాళ్ళలో ఇలాంటి ఊళ్ళ జనం చాలామంది. ఆ వార్తలు చూసి ఫ్రెంచివాళ్ళకి సమ్మెలంటే సరదా అని మన ఆఫీసుల్లో నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు, ఆ సర్కిళ్ళ చుట్టూ నేను తిరిగాను గనక.

ఇప్పుడు బిల్లు వస్తోంది. 2018లో ఇటలీలో జెనోవా వంతెన కూలాక ఫ్రెంచి సెనేట్ తమ వంతెనల మీద విచారణ జరిపింది. 2019 నివేదికలో కనీసం 25 వేల వంతెనలు పాడు స్థితిలో ఉన్నాయని తేల్చింది. కమ్యూన్ల చేతిలో ఉన్నవాటి పరిస్థితి మరీ అధ్వాన్నం. రెండొందల మంది ఉన్న కమ్యూన్, దానికో రాతి వంతెన, రిపేరుకి ఊరి బడ్జెట్టంత ఖర్చు. అందుకని చౌకైన పని చేస్తారు, బరువు బళ్ళు రాకూడదని బోర్డు పెడతారు. సైకిలు వాడికి ఆ రోడ్డు ఇంకాస్త ప్రశాంతంగా మారుతుంది. పాల ట్యాంకరు మాత్రం చుట్టు తిరిగి వెళ్ళాలి.