వస్తి: తిత్తి మారింది, కొలత మారకూడదు

సూళ్లూరుపేటలో మోకాళ్ల నొప్పులకో, తీరని మలబద్ధకానికో పంచకర్మ చేయించుకోవాలనుకునేవారు లోకల్ రైలెక్కితే చెన్నై, బస్సెక్కితే తిరుపతి. ఈ ప్రాంతానికి దగ్గర్లో ఆయుర్వేదం కళాశాల చదువుగా స్థిరపడిందీ ఆ రెండు ఊళ్లలోనే. పంచకర్మల్లో ఒకటైన వస్తి కథ మాత్రం చాలా పాతది.

వాతానికి ముఖ్యస్థానం పెద్దపేగు అని ఆయుర్వేదం చెబుతుంది. కడుపుబ్బరం, కీళ్ల పట్లు, నిద్రలేమి, మనసు నిలకడ తప్పడం వంటివాటిని వాతదోషంతో ముడిపెడుతుంది. అందుకే మలద్వారం గుండా మందు ఎక్కించే వస్తిని సగం వైద్యంగా లెక్కించారు. చరకసంహితలోని సిద్ధిస్థానంలో దీనికే ఎన్నో అధ్యాయాలు కేటాయించారు.

అప్పటి సాధనం మేక, గేదె వంటి జంతువుల మూత్రాశయం. శుభ్రం చేసి మెత్తబరిచిన ఆ తిత్తికి లోహపు గొట్టం బిగించేవారు. రోగిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, కుడికాలు మడిపించి, తిత్తిని ఒకే తీరున నొక్కాలి. నేర్చుకునేవారిని నేరుగా రోగి మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. నీళ్లు నింపిన కుండ పక్కనున్న రంధ్రం దగ్గర, సొరకాయ మూతి దగ్గర శిష్యులు సాధన చేయాలని సుశ్రుతుడి నియమం. గొట్టానికి ఎనిమిది, తిత్తికి ఎనిమిది, వైద్యుడికి పది దోషాలను చరకుడు లెక్కకట్టాడు.

మోతాదుకూ లెక్కుంది. కషాయం ప్రధానమైన నిరూహవస్తి ఏడాది బిడ్డకు అర ప్రసృతం. వయసుతో పెరుగుతూ పద్దెనిమిదేళ్లకు 12 ప్రసృతాలు, అంటే లీటరు పైచిలుకు. డెబ్బై దాటితే మళ్లీ తగ్గించాలి. తేనె, సైంధవలవణం, నూనె, మూలికల ముద్ద, కషాయం ఆ వరుసలోనే కలపాలి. నూనెతో చేసే అనువాసనవస్తి భోజనం తర్వాత, నిరూహం తిన్నది అరిగాక. రెండింటినీ మార్చి మార్చి 8, 16 లేదా 30 వస్తులుగా ఇస్తారు.

ఇంత పట్టింపున్న చికిత్స ఇంటి వైద్యంలో ఇమడటం కష్టం. పల్లెల్లో చూర్ణాలు, మాత్రలే ఎక్కువగా చెల్లాయి. ఇరవయ్యో శతాబ్దంలో సంస్థలు వచ్చాయి. 1902లో కేరళలో కొట్టక్కల్ ఆర్యవైద్యశాల వెలిసింది. 1921లో మద్రాసు ప్రభుత్వం దేశీయ వైద్యంపై ఉస్మాన్ కమిటీని వేసింది. ఆ తర్వాత మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల వెలిసింది. అల్లోపతి చదివి ఆయుర్వేదం వైపు మళ్లిన ఆచంట లక్ష్మీపతి ఆ తరం తెలుగువారే. తిరుపతిలో 1983లో టీటీడీ శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల మొదలైంది.

మరోపక్క ప్రకృతివైద్యం ఎనిమాను ఇంటింటికీ తెచ్చింది. నెల్లూరు దగ్గరి పల్లెపాడులో 1921లో ఆశ్రమం ప్రారంభించిన గాంధీజీకి ఎనిమా మీద గురి ఎక్కువ. మన కాలంలో మంతెన సత్యనారాయణరాజు ఆ అలవాటును విస్తృతంగా ప్రచారం చేశారు. అయితే నీటి ఎనిమా పేగును కడుగుతుంది. వస్తి రోగాన్ని బట్టి, మనిషిని బట్టి మందు ఎక్కిస్తుంది. రెండూ ఒకటి కావు.

మలాశయం నుంచి కొన్ని మందులు రక్తంలోకి చేరతాయని నేటి వైద్యమూ ఒప్పుకుంటుంది. పేగుకూ మెదడుకూ ఉన్న సంబంధంపై పరిశోధనలు సాగుతున్నాయి. అంతమాత్రాన వస్తి ప్రతి నొప్పికీ, ప్రతి దిగులుకూ మందని తేలినట్టు కాదు. దానికి పెద్ద అధ్యయనాలు కావాలి. రక్తం పడుతున్నవారికి, విరేచనాలతో నీరసించినవారికి, గర్భిణులకు ఇది చెలగాటం కాదు.

ఇప్పుడు తిత్తి పోయి ప్లాస్టిక్ సంచి, రబ్బరు గొట్టం వచ్చాయి. మేలే, శుభ్రత పెరిగింది. కానీ రోగి వయసు, తిన్న వేళ అడగకుండా ‘డిటాక్స్ ప్యాకేజీ’ అంటగట్టే చోట చేసేది వస్తి కాదు, చరకుడు లెక్కకట్టిన వైద్యదోషాలకు మరొకటి చేర్చడం.