రక్తకణం వయస్సు, ఖైదీల నెత్తురు

శాస్త్ర చరిత్రను పేరుపొందిన పరిశోధకుల చరిత్రగా రాయడం మనకు అలవాటయిపోయింది. ఎవరు కనిపెట్టారు, ఏ సంవత్సరంలో కనిపెట్టారు అన్నంతవరకే పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ ప్రయోగం ఎవరి శరీరం మీద జరిగింది, కాదనడానికి ఆ మనిషికి వీలుండిందా అన్న ప్రశ్న వేయవు. ఎర్ర రక్తకణం ఎన్నాళ్లు బతుకుతుంది, ముసలిదై ఎట్లా నశిస్తుంది అనే విషయం తీసుకున్నా ఈ ప్రశ్న మనకు ఎదురవుతుంది.

మన శరీరంలో సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలు నశిస్తూ, దాదాపు అన్నే కొత్తవి పుడుతూ ఉంటాయి. ప్లీహంలో ఎర్రకణాలు నశిస్తాయని 1847లోనే కోలికర్ చెప్పాడు. కాని ఎంత వయస్సులో నశిస్తాయో తేలలేదు. రెండు మూడు వారాలకు మించి బతకవని ఇరవయ్యో శతాబ్దారంభంలో కూడా చాలామంది నమ్మకం. 1919లో మేయో క్లినిక్‌లో వినిఫ్రెడ్ ఆష్బీ అనే పరిశోధకురాలు ‘ఓ’ వర్గం రక్తాన్ని వేరే వర్గంవారికి ఎక్కించి, సీరం కలిపినప్పుడు ముద్దకట్టకుండా మిగిలిన కణాలను లెక్కించింది. ఎక్కించిన కణాలు నెలకు పైగా బతుకుతున్నాయని చూపింది.

అసలు లెక్క 1946లో తేలింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ షెమిన్, బరువైన నత్రజనితో గుర్తుపెట్టిన గ్లైసీన్‌ను మూడు రోజుల్లో 66 గ్రాములు తానే తిన్నాడు. తర్వాత నెలల తరబడి తన రక్తాన్నే తీసి, రిటెన్‌బర్గ్‌తో కలిసి పరీక్షించాడు. ఎర్రకణం సగటు ఆయుర్దాయం 127 రోజులని లెక్క కట్టారు. కణాలు ఏ వయస్సులోబడితే ఆ వయస్సులో చావడం లేదు, ముసలివై చస్తున్నాయని కూడా రుజువయింది. ఇక్కడ ప్రయోగం చేసినవాడూ, దానికి లోనైనవాడూ ఒక్కడే.

అయితే ముసలి కణంలో చెడేది ఏమిటి? ఈ ప్రశ్నకు ముఖ్యమైన జవాబు ఒక జైలులో దొరికింది.

1942లో జావా జపాను చేతిలో పడడంతో అమెరికా సైన్యానికి క్వినైన్ కరువయింది. కొత్త మందుల కోసం చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆల్వింగ్ నాయకత్వాన ఇల్లినాయ్‌లోని స్టేట్‌విల్ జైలులో ఖైదీలకు దోమలచేత మలేరియా ఎక్కించి మందులు పరీక్షించారు. ప్రైమాక్విన్ అక్కడ పరీక్షకు నిలిచింది. కాని నల్లజాతివారిలో సుమారు పదింట ఒకరికి ఈ మందుతో రక్తం విరిగిపోయేది. కారణం తెలుసుకోవడానికి అట్లాంటి నల్లజాతి ఖైదీలకే రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఆ మందే ఇచ్చారు. వారి రక్తం కొద్దిరోజులు క్షీణించి, మందు ఆపకపోయినా మళ్లీ కోలుకున్నది. ఎందుచేత? 1954లో బ్యూట్లర్, డెర్న్, ఆల్వింగ్ రేడియోధార్మిక ఇనుముతో కణాలకు పుట్టినతేదీ వేసి చూశారు. 8 నుంచి 21 రోజుల కణాలు మందుకు తట్టుకున్నాయి. 63 నుంచి 76 రోజులవి నశించాయి. ముసలివి పోయి లేతవి మిగలడమే ఆ కోలుకోవడానికి కారణం. 1956లో లోపం జి-6-పి-డి అనే ఎంజైములో ఉందని కార్సన్, ఆల్వింగ్ తదితరులు తేల్చారు.

ఎర్రకణానికి కేంద్రకం లేదు. పుట్టుకతో తెచ్చుకున్న ఎంజైములు అరిగిపోతే మళ్లీ తయారుచేసుకోలేదు. ప్రాణవాయువును మోసే పనిలోనే దానికి ఆక్సీకరణ దెబ్బలు తగులుతూ ఉంటాయి. రక్షణ తగ్గినకొద్దీ హిమోగ్లోబిన్ చెడి, పొర లోపలివైపు అంటుకుంటుంది. పొరలోని ‘బ్యాండ్-3’ ప్రోటీన్లు గుంపుకడతాయి. వాటిమీద శరీరంలోని యాంటీబాడీలు వాలుతాయి. ముసలి కణాలమీద ఇట్లాంటి యాంటీబాడీలు ఉంటాయని 1975లో మార్గరీట్ కే చూపింది. ఆ గుర్తు పడిన కణాన్ని ప్లీహంలో, కాలేయంలో ఉండే భక్షక కణాలు మింగుతాయి. దానిలోని ఇనుము కొత్త కణాల తయారీకి పోతుంది. రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము ఇట్లా తిరిగి వాడకంలోకి వస్తుంది. తిండి నుంచి దొరికేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. జి-6-పి-డి లోపం ఉన్నవారిలో ఈ రక్షణ మొదటినుంచీ బలహీనం. నెలలమీద జరగవలసిన నష్టం మందు తగిలేసరికి రోజుల్లో జరుగుతుంది.

ఖైదీలు సంతకాలు పెట్టారు గదా, బలవంతం ఎక్కడ అని కొందరంటారు. కటకటాల వెనుక ఉన్నవాడికి కాస్త డబ్బు, శిక్ష తగ్గుతుందన్న ఆశ చూపి తీసుకున్న సంతకానికీ, షెమిన్ తనంతట తాను తిన్న గ్లైసీన్‌కూ తేడా లేదా? న్యూరెంబర్గ్ విచారణలో నాజీ వైద్యుల తరపున వాదించినవారు ఈ స్టేట్‌విల్ ప్రయోగాలనే ఎత్తిచూపారు. మనిషి స్వచ్ఛందంగా ఒప్పుకోవడం తప్పనిసరి అని 1947లో ఆ తీర్పు చాటింది. అయినా స్టేట్‌విల్‌లో పని 1974 దాకా సాగింది.

అందుచేత ఆ జ్ఞానాన్ని పారవేయమని అర్థం కాదు. అది నిజం, ప్రాణాలు కాపాడుతున్నది. వైవాక్స్ మలేరియాకు మనదేశంలో నేటికీ 14 రోజులు ఇచ్చేది ప్రైమాక్విన్ మాత్రలే. ఏజెన్సీ గ్రామంలోని గిరిజనుడికి ఆ మాత్ర చేతిలో పెట్టేముందు ఎంజైము పరీక్ష అందుబాటులో ఉండాలని అడగడం మన బాధ్యత. నల్లజాతి ఖైదీలు నెత్తురిచ్చి నేర్పిన పాఠం అదే. తరగతిలో ఎర్రకణం పాఠం చెప్పే ఉపాధ్యాయుడు 120 రోజులన్న అంకెతో ఆగకుండా, స్టేట్‌విల్ పేరు కూడా చెప్పాలి. అప్పుడే విద్యార్థికి శాస్త్రంతోబాటు దాని చరిత్ర కూడా అందుతుంది.