రన్‌వే వెడల్పు – నాలుగు ఇంజన్ల విమానం: ప్రమాణాల పరిణామం

వెలుగోడు, నంద్యాల ప్రాంతాలకు అందుబాటులో ఉన్న ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో ప్రారంభమైంది. దాని రన్‌వే పొడవు 2,000 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. 2008లో ప్రారంభమైన శంషాబాద్ రన్‌వే వెడల్పు 60 మీటర్లు. భారీ విమానానికి పొడవుతోపాటు వెడల్పు కూడా ఎందుకు కావాలన్నది పరిశీలనార్హం.

ఎయిర్‌బస్ ఎ380 వెలుపలి ఇంజన్లు మధ్యరేఖకు ఇరువైపులా సుమారు 25.7 మీటర్ల దూరంలో ఉంటాయి. 45 మీటర్ల రన్‌వేపై అవి అంచు దాటి సుమారు 3 మీటర్లు వెలుపల ఉంటాయి. అంచుల్లోని రాళ్లను, మట్టిని అవి పీల్చుకునే ప్రమాదం ఉన్నందున రన్‌వే పక్కలను కూడా గట్టిపరచాలి.

అంతకంటె క్లిష్టమైనది దిశా నియంత్రణ. పరుగులో వెలుపలి ఇంజను ఒకటి ఆగితే విమానం ఆ వైపుకు మళ్లుతుంది. వేగం తక్కువైతే చుక్కానికి తగిన గాలిబలం అందదు. అప్పుడు మిగిలిన ఇంజన్ల శక్తిని తగ్గించి ఆగడమే మార్గం. చుక్కానితోనే దారి నిలుపుకోగల కనిష్ఠ వేగాన్ని నిర్ణయించేటప్పుడు, మధ్యరేఖనుంచి విచలనం 30 అడుగులు మించరాదన్నది నియమం.

ఎ380 తరగతికి తొలుత 60 మీటర్ల వెడల్పు నిర్దేశించారు. పరీక్షల అనంతరం 2007లో ఐరోపా, అమెరికా నియంత్రణ సంస్థలు ఈ విమానాన్ని 45 మీటర్ల రన్‌వేలపై అనుమతించాయి. 2018లో అంతర్జాతీయ ప్రమాణమూ మారింది: రెక్కల విస్తీర్ణానికి బదులు ప్రధాన చక్రాల మధ్య వెడల్పు కొలమానమైంది. కనుక ఓర్వకల్లు వంటి రన్‌వేను పొడిగించినంత మాత్రాన భారీ విమానాలకు అది యోగ్యం కాదు.