వాల్డెన్ బటన్ చాకులు: అసలును పోల్చే విద్య

పిడిలోకి మడిచి ఉన్న అలుగు, బటన్ నొక్కగానే స్ప్రింగు బలానికి తనంతట తానే బయటికి వచ్చి నిలిచే చాకును స్వయంచాలిత చాకు అనీ, వాడుకలో బటన్ చాకు అనీ అంటారు. ఇటువంటివి యూరప్‌లో ముందే ఉన్నప్పటికీ, అమెరికాలో వాటిని కర్మాగారపు సరుకుగా నిలబెట్టినవారిలో ముఖ్యుడు జార్జ్ ష్రేడ్ కావడం వల్ల, పాత అమెరికన్ బటన్ చాకు అసలైనదా కాదా అని తేల్చే ప్రయత్నం చాలావరకు ఆయన పెట్టిన, విడిచిన, మళ్లీ పెట్టిన కంపెనీల చరిత్రలోకే దారి తీస్తుంది. ఈ పరిశీలనలో అలుగు మీది ముద్ర కంటే లోపలి యంత్రాంగమే నమ్మదగిన సాక్షి. ముద్రను నకలు చేయడం తేలిక గాని, ఒక కాలపు పనితనాన్ని ఆమూలాగ్రం అనుకరించడం మిక్కిలి కష్టం.

ష్రేడ్ 1890ల మొదట్లో తన యంత్రాంగానికి పేటెంటు పొంది ప్రెస్ బటన్ నైఫ్ కంపెనీని నెలకొల్పాడు; కొద్దికాలానికే ఆ హక్కులలో భాగం న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్డెన్ అనే చిన్న పట్టణంలో ఉన్న వాల్డెన్ నైఫ్ కంపెనీకి చేరింది. ఈ తొలి చాకులలో బటన్ పొన్నులోనే అమరి ఉంటుంది. పొన్ను అంటే పిడి కొసను, అలుగు తిరిగే కీలును కప్పి ఉంచే లోహపు తొడుగు. 1904లో జార్జ్, తన సోదరులు లూయిస్, విలియంలతో కలిసి అదే ఊళ్లో ష్రేడ్ కట్లరీ కంపెనీని స్థాపించి, 1906, 1907 ప్రాంతంలో పొందిన కొత్త పేటెంట్లతో బటన్‌ను పొన్ను నుంచి పిడి పక్కకు మార్చాడు; దాని పక్కనే ముందుకు వెనుకకు జరిగే చిన్న గడియను చేర్చి, చాకు జేబులో పొరపాటున తెరుచుకునే ప్రమాదాన్ని తప్పించాడు. ఒకే పిడిలో ఒకటి కంటే ఎక్కువ అలుగులు అమర్చడానికి కూడా వీలు కల్పించినది ఈ మార్పే. కనుక పొన్నులో బటన్ ఉండి, అలుగు మొదట ష్రేడ్ కట్లరీ ముద్ర కనిపించే చాకును మొదటి చూపులోనే అనుమానించవలసి ఉంటుంది.

తర్వాత జార్జ్ సోదరుల కంపెనీ నుంచి తప్పుకొని, కొంతకాలం జర్మనీలోని జోలింగెన్‌లో గడిపి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తిరిగి వచ్చి కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో చాలెంజ్ కట్లరీ కంపెనీకి 'ఫ్లైలాక్' చాకులను రూపొందించాడు. ఆ పిమ్మట అదే ఊళ్లో సొంత కంపెనీ పెట్టి 'ప్రెస్టో' పేరుతో అమ్మాడు. ఈ విధంగా ష్రేడ్ పేరుతో రెండు ఊళ్లలో రెండు శాఖలు నడిచినందున, ముద్రలో ఊరి పేరును గమనించనివారు ఒకదానిని మరొకదానిగా భ్రమపడతారు. వాల్డెన్ శాఖ 1946లో చేతులు మారి ష్రేడ్-వాల్డెన్ అయింది. అంటే ఈ జంట పేరున్న చాకును రెండో ప్రపంచ యుద్ధానికి ముందటిదని అమ్మితే ఆ మాట నిలవదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ పారాచూట్ దళాలకు ఇచ్చిన ఎం2 చాకు విషయంలో మోసానికి అవకాశం ఎక్కువ. చెట్ల కొమ్మలకు తాళ్లు చిక్కుకుంటే ఒంటి చేత్తో కోసుకోవడానికి ఉద్దేశించిన ఈ చాకును వాల్డెన్, బ్రిడ్జ్‌పోర్ట్ శాఖలు రెండూ తయారుచేశాయి. దీనికి తాడు కట్టుకునే కడియం ఉంటుంది. పౌరులకు అమ్మిన మామూలు చాకుకు కడియం తగిలిస్తే సైనిక వస్తువుగా ఎక్కువ ధర పలుకుతుంది గనుక, పరిశీలించేవారు కడియం ఊగే చోటును భూతద్దంతో చూడాలి. వాడకంలో నలిగిన చాకులో కడియం తగిలే చోట పిడి అంచు నున్నగా అరిగి, ఆ అరుగుదల రంగు చుట్టూ ఉన్న లోహపు రంగులో కలిసిపోయి ఉంటుంది. కొత్తగా తొలిచిన రంధ్రపు అంచు మాత్రం పదునుగా, తెల్లగా మెరుస్తుంది.

ముద్రను చదవడంలోనూ ఇదే ఓపిక అవసరం. కర్మాగారాలలో సాధారణంగా ఉక్కును గట్టిపరచక ముందే అచ్చుతో ముద్ర కొట్టేవారు. అందువల్ల అక్షరాల లోతట్టులోనూ చుట్టూ ఉన్న తలం మీదా తుప్పు, మసక ఒకే తీరుగా ఉండాలి. చుట్టూ ఉన్న అలుగు నల్లబడి, అక్షరాల అడుగు మాత్రం శుభ్రంగా ఉంటే అది తర్వాతి చెక్కుడు. పేటెంటు తేదీ కూడా చాకు పుట్టిన ఏడాదిని తెలపదు. అంతకు ముందు అది తయారు కాలేదని మాత్రమే రుజువు చేస్తుంది. పిడి రేకులు సెల్యులాయిడ్‌వైతే బొటనవేలితో వేడెక్కేదాకా రుద్దినప్పుడు కర్పూరపు వాసన వస్తుంది, ఎందుకంటే ఆ పదార్థంలో నిజంగానే కర్పూరం కలుస్తుంది. పాతబడిన సెల్యులాయిడ్ ఆమ్లపు ఆవిరి వదిలి పక్కనున్న ఉక్కును తినివేస్తుంది కనుక, అటువంటి పిడి ఉన్న చాకులను గాలి ఆడేచోట విడిగా ఉంచడం మంచిది.

యుద్ధానంతరం సైనికులు ఇటలీ నుంచి తెచ్చిన, స్టిలెటో అనే సన్నని బటన్ చాకులకు గిరాకీ పెరిగి, మనియాగో వంటి పట్టణాల సరుకు అమెరికాకు దిగుమతి అయింది. 1890 నాటి అమెరికన్ సుంకాల చట్టం వల్ల దిగుమతి సరుకు మీద దేశం పేరు తప్పనిసరి కావడంతో, వీటిపై ఆ పేరు కనిపిస్తుంది. పాత రకంలో అలుగు మొదట ఉన్న నాలుకను గోటితో ఎత్తితేనే మూసే వీలుంటుంది. తర్వాతి రకంలో పొన్నునే పక్కకు వంచాలి. అయితే పాత పద్ధతిలో నేటికీ కొత్త చాకులు తయారవుతున్నందున, ఈ ఒక్క ఆనవాలుతో వయసు తేలదు.

పత్రికలు, సినిమాలు ఈ చాకును కుర్రకారు నేరాలకు గుర్తుగా మార్చిన తరువాత, 1954లో న్యూయార్క్ రాష్ట్రం, 1958 ఆగస్టు 12న అమెరికన్ సమాఖ్య ప్రభుత్వం చట్టాలు తెచ్చాయి. సమాఖ్య చట్టం రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని, దిగుమతిని నిషేధించి, సైన్యానికీ, మూడు అంగుళాలకు మించని అలుగు విషయంలో ఒక చేయి కోల్పోయినవారికీ మినహాయింపు ఇచ్చింది. వాల్డెన్‌లో బటన్ చాకుల తయారీ ఆగిపోయింది గాని, విడిభాగాలు మిగిలాయి. వాటితో తర్వాతి కాలంలో కూర్చిన చాకులే నిపుణులను కూడా తికమకపెడతాయి: అలుగు, స్ప్రింగు, ముద్ర అన్నీ అసలైనవే అయినా, రివెట్ల తలలు కొత్తవిగా ఉండి, లోపలి ఇత్తడి రేకు మీద అలుగు రాసుకున్న గీతలు ఉండవు. అటువంటిదాన్ని అమ్మేటప్పుడు పాత భాగాలతో కొత్తగా కూర్చినదని చెప్పి తీరాలి; ధర కూడా దానికి తగ్గట్టే ఉండాలి.