కాపరుల కుండలో పుట్టిన కూర – గులాష్ కథ

ఒకే గిన్నెలో అయిపోయే వంటంటే మనలో ఎవరికి చేదు చెప్పండి! కిచిడీ, పులావు, బిసిబేళబాత్... వారానికి ఒక్క పూటైనా వీటితో గట్టెక్కని ఇల్లుండదు. మా ఇంట్లో ఈ మధ్య ఆ వరుసలోకి గులాష్ కూడా వచ్చి చేరింది. అమెరికాలో ఉండే మా చిన్నాడపడుచు పిల్లలు బళ్లో మకరోనీ, కైమా, టమాటా కలిపి వండిన గులాష్ తినొచ్చి, ఇంట్లోనూ అదే చెయ్యమని పేచీ పెడుతున్నారట. "ఇదేం వంట వదినా, అటు కూరా కాదు, ఇటు సూపూ కాదు" అని నవ్వింది ఫోన్లో. అసలిది ఎక్కడిదా అని తీరిక దొరికినప్పుడల్లా చదువుతూ పోయాను. చదివేకొద్దీ అది వంట కథలా కాక, మన ఇళ్ల కథలా అనిపించింది. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

గులాష్ పుట్టిల్లు హంగేరీ. అక్కడి భాషలో "గుయా" అంటే పశువుల మంద. మందను కాసేవాడు "గుయాష్". అతను వండుకునే మాంసం "గుయాష్‌హూష్". చివరికి వంటకం పేరు పోయి, కాపరి పేరే కూర పేరైంది. హంగేరీలో కనుచూపు మేర చెట్టూ చేమా లేని పెద్ద మైదానం ఉంది. పొడవాటి కొమ్ముల బూడిదరంగు పశువులను అక్కడ మేపి, వందల మైళ్లు నడిపించి వియన్నా, న్యూరెంబర్గ్ సంతల దాకా తోలుకెళ్లేవారు. నెలల తరబడి ఆరుబయటే బతుకు. పొయ్యి లేదు, వంటిల్లు లేదు. మూడు కర్రలు పాతి, వాటికి "బొగ్రాచ్" అనే ఇనుప కుండ వేలాడదీసి, కింద మంట పెట్టి, కొవ్వులో ఉల్లిపాయ, మాంసం వేసి ఉడికించుకునేవారు. ఒక్కోసారి నీరంతా ఇగిరేదాకా వండి, ఎండబెట్టి మూట కట్టుకునేవారట. ఆకలేసినప్పుడు నీళ్లు పోసి మరిగిస్తే మళ్లీ కూర సిద్ధం. మనం గర్వంగా చెప్పుకునే "రెడీమిక్స్" వాళ్లకు ఎప్పుడో తెలుసన్నమాట.

ఆ తొలి గులాష్‌లో ఎర్ర రంగు లేదు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి వచ్చిన కాయ. కొలంబస్ ప్రయాణాల తర్వాతే ఇటు అడుగుపెట్టింది. మన దేశానికి పోర్చుగీసువాళ్లు తెచ్చారు, హంగేరీకి టర్కీ పాలన కాలంలో చేరింది. 16వ శతాబ్దం రెండో సగంలో మార్గిత్ సేచీ అనే జమీందారిణి తోటలోని మొక్కల్లో "టర్కీ ఎర్ర మిరియం" ఉన్నట్టు రాతపూర్వకంగా ఉంది. అంటే ఆ దేశంలో మిరప గురించిన తొలినాటి జాడల్లో ఒకటి ఒక ఆడమనిషి పెరటి తోటలో ఉంది! చాలాకాలం అది చూడ్డానికీ మందుకీ పెంచే మొక్కే. తర్వాత పల్లె జనం కూరల్లో వేసుకోవడం మొదలుపెట్టారు. తమాషా ఏమిటంటే, వాళ్ల "పాప్రికా" అన్న మాట మిరియానికి ఉన్న పేరులోంచే పుట్టింది. మన మిరపకాయలోనూ మిరియమే దాక్కుని ఉంది. కొత్త కాయకు రెండు చోట్లా పాత ఘాటు పేరే పెట్టుకున్నారు.

సెగెద్, కలోచా అనే ఊళ్లు పాప్రికాకు పెట్టింది పేరు, మనకు గుంటూరులాగా. దండలు గుచ్చి ఇళ్ల గోడలకు వేలాడదీసి ఆరబెట్టేవారు. కారమంతా లోపలి ఈనెల్లోనే ఉంటుంది. అందుకే కాయను చీల్చి, ఆ ఈనెలు, గింజలు తీసేసి పొడి కొడితే రంగు నిండుగా, కారం తక్కువగా వస్తుంది. 1859లో సెగెద్‌కు చెందిన పాల్ఫీ సోదరులు ఇలా కమ్మటి పాప్రికా తయారుచేసే పద్ధతి తెచ్చారని చరిత్రలో రాశారు. రాసింది సోదరుల పేరు. కూర్చుని ఒక్కో కాయనూ చీల్చి ఈనెలు గీకింది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లు. చేతులు మండుతూనే పగలంతా ఆ పని. గుంటూరు వైపు మిరప తొడిమలు తీసే పనిలోకి వెళ్లే ఆడవాళ్లను చూసినవారికి ఆ మంట ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. రాత్రి పసిబిడ్డ ఒంటి మీద చెయ్యి వేయడానికి కూడా జంకే మంట అది.

ఇక కాపరుల కూర దేశానికంతటికీ గుర్తు ఎలా అయింది? దాని వెనుక భాష ఉంది. అప్పట్లో హంగేరీ వియన్నాలోని హాబ్స్‌బర్గ్ రాజుల చేతిలో ఉండేది. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి, ఇకపై పాలనంతా జర్మన్ భాషలోనే అని ఆజ్ఞ ఇచ్చాడు. హంగేరీ పెద్దమనుషులకు రోషం వచ్చింది. మా భాష వేరు, మా బట్ట వేరు, మా తిండి వేరు అని చూపించుకోవాలనుకున్నారు. అంతవరకు మైదానంలో కాపరులు తప్ప ఎవరూ ముట్టని గులాష్‌ను జమీందారుల బల్లల మీదికి ఎక్కించారు. ఎస్తెర్ కిష్బాన్ అనే హంగేరీ పరిశోధకురాలు ఈ సంగతంతా వివరంగా రాశారు. 1790లో చక్రవర్తి తన సంస్కరణల్లో చాలావాటిని వెనక్కి తీసుకున్నాడు. గులాష్ మాత్రం బల్ల దిగలేదు. తల్లిభాష కోసం రాష్ట్రం తెచ్చుకున్న మనకు ఆ పట్టుదల బాగానే అర్థమవుతుంది.

పాప్రికాతో నోబెల్ బహుమతికీ చుట్టరికం ఉంది. సెగెద్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ సెంట్ జార్జి అనే శాస్త్రవేత్త ఉండేవారు. ఇప్పుడు మనం విటమిన్ సి అంటున్న పదార్థం మీద ఆయన పనిచేస్తున్నారు. ఎంత కష్టపడినా పరీక్షలకు సరిపడా దొరికేది కాదు. ఒక రాత్రి భోజనంలో ఆయన ముందుకు ఎర్రటి పచ్చి పాప్రికాలు వచ్చాయి. ఆయనకు తినబుద్ధి కాలేదు. ఎలా తప్పించుకోవడమా అని చూస్తుంటే, ఈ కాయను ఇంతవరకు పరీక్షించనేలేదని తట్టి, ప్రయోగశాలకు పట్టుకుపోయారు. అర్ధరాత్రయ్యేసరికి అది విటమిన్ సి గని అని తేలింది. కొద్ది వారాల్లోనే కిలోల లెక్కన తీయగలిగారు. 1937లో నోబెల్ వచ్చింది. ఈ సంగతి ఆయనే స్వయంగా రాసుకున్నారు. భోజనం వద్దని చెప్పడానికి వంక వెతుక్కునే మగవారు మన ఇళ్లలోనూ ఉన్నారు గానీ, ఇంత ఉపయోగపడే వంక ఎవరికీ దొరకలేదు!

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసిన అధ్యాయం మాత్రం ఆ తర్వాతది. 1956లో హంగేరీ ప్రజలు సోవియట్ పెత్తనం మీద తిరగబడ్డారు. సోవియట్ ట్యాంకులు వచ్చి అణిచేశాయి. ఆ తర్వాత యానోష్ కాదార్ గద్దెనెక్కారు. మొదట శిక్షలు, జైళ్లు. 1960ల నుంచి పద్ధతి మారింది. దుకాణాల్లో సరుకులు కనిపించాయి, ఇళ్లలోకి ఫ్రిజ్‌లు, టీవీలు వచ్చాయి, పక్క దేశాలకన్నా బతుకు కాస్త తేలికైంది. బదులుగా ఒకటే షరతు, ఎవరూ రాజకీయం మాట్లాడకూడదు. దీనికి లోకం పెట్టిన పేరు "గులాష్ కమ్యూనిజం".

ఆ మాట చదివి నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. "తిండికి లోటా, బట్టకు లోటా, నీకేం తక్కువ?" ఈ మాట వినని ఇల్లాలు మనలో ఎంతమంది? ఉద్యోగం చేస్తానన్నా, చదువుకుంటానన్నా, పుట్టింటికి నాలుగు రోజులు వెళ్లొస్తానన్నా అదే జవాబు. అనేవాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు, ప్రేమతోనే అంటారు. ఇంట్లో అన్నీ అమరి ఉండటం చిన్న విషయం కాదని నాకూ తెలుసు, ఆ అమర్చేది మనమే కాబట్టి. కానీ కడుపు నింపడం వేరు, మాట వినడం వేరు. మొదటిది చేశాం కాబట్టి రెండోది అక్కర్లేదనుకుంటే, ఆ ఇల్లు ప్రశాంతంగా కనిపిస్తుందే గానీ ప్రశాంతంగా ఉండదు. 1989లో హంగేరీ ప్రజలకు నోరు విప్పే వీలు దొరికినప్పుడు, ముప్పై ఏళ్లకు పైగా ఎవరూ బయటికి ఎత్తని 1956 మాటే ముందుగా బయటికి వచ్చింది. మనసులో ఉన్నది ఎక్కడికీ పోదండీ.

మా ఆడపడుచు పిల్లలు తిన్న మకరోనీ గులాష్ అమెరికాలో మారిన రూపం. వలస వెళ్లినవాళ్ల వెంట పేరు వెళ్లింది, గిన్నెలో సరుకు మారింది. హంగేరీలో గులాష్ పలుచటి పులుసు. మనం బయట చూసే చిక్కటి కూరను వాళ్లు "పొర్కొల్ట్" అంటారు. కాబట్టి ఇంకో మార్పు చేస్తే తప్పేం కాదు. వాళ్లు గొడ్డు మాంసంతో చేస్తారు, నేను మేక మాంసంతో చేస్తాను.

అర కిలో మాంసానికి మూడు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, నూనెలో సన్నమంట మీద మెత్తబడేదాకా వేయించండి. ఇప్పుడు స్టవ్ ఆపేయండి. అసలు కిటుకు ఇదే. పాప్రికాలో తీపి ఉంటుంది, మంట మీద వేస్తే మాడి చేదెక్కుతుంది. రెండు చెంచాల పాప్రికా వేసి కలపండి. అది లేకపోతే చెంచాన్నర కాశ్మీరీ లేదా బ్యాడిగి మిరపపొడి చాలు. మాంసం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా షాజీరా, ఉప్పు వేసి మళ్లీ వెలిగించండి. మాంసంలోని నీరు ఇగిరాక ఒక టమాటా, ఒక క్యాప్సికం ముక్కలు, ఐదు కప్పుల నీళ్లు వేసి, కుక్కర్లో ఐదారు కూతలు రానివ్వండి. మూత తీసి బంగాళాదుంప, క్యారట్ ముక్కలు వేసి, అవి మెత్తబడేదాకా ఉడికించండి. శాకాహారులు మాంసం బదులు పుట్టగొడుగులు, ఉడికించిన రాజ్మా వేసుకుంటే రెండు కూతలు చాలు. బ్రెడ్‌తో బాగుంటుంది, వేడన్నంలోకి ఇంకా బాగుంటుంది.

పక్కన ఇంకో కూర పెట్టుకోకండి. రెండో పొయ్యి వెలిగించకుండా మిగిలిన ఆ అరగంట మీది. ఎవరితోనైనా చెప్పాలనుకుని వాయిదా వేస్తున్న మాట ఉంటే, వడ్డించి కూర్చున్నాక నెమ్మదిగా చెప్పండి.