మునసబు అరుగు మీద ఒప్పుకోలు

ఇటు జరగండ్రా, పొగ మీ మీదికే వస్తోంది. ఆ చితుకులు నాలుగు వెయ్యండి, చెబుతాను.

నేను తెనాలిలో వకీలు గారి దగ్గర గుమాస్తాగా చేరక ముందు మాట. రేపల్లె వైపు మా ఊళ్లో కళ్ళంలో వడ్ల బస్తాలు పోయాయి. అనుమానం ఒక పాలేరు మీద పడింది. వేపచెట్టుకు కట్టేసి చింత బరికెలతో బాదారు. ఎంతసేపని ఓర్చుకుంటాడు? "నేనే తీశానయ్యా, కట్లు విప్పండి" అన్నాడు. ఆ పళాన మునసబు గారి అరుగు మీదికి ఈడ్చుకుపోయి, కాగితం రాయించి వేలిముద్ర వేయించారు.

కోర్టులో ఆ కాగితం నిలవలేదు. ఎందుకో వకీలు గారి పుస్తకాలు తిరగేశాక తెలిసింది. 1872 సాక్ష్య చట్టంలో 24వ సెక్షన్ ప్రకారం, అధికారం ఉన్నవాడు బెదిరించో ఆశపెట్టో చెప్పించిన ఒప్పుకోలు చెల్లదు. 25 ప్రకారం పోలీసుతో ఒప్పుకున్నదీ చెల్లదు. 26 ప్రకారం పోలీసుల అదుపులో ఉన్నవాడు మేజిస్ట్రేటు ఎదుటే ఒప్పుకోవాలి. ఆ మేజిస్ట్రేటు లెక్కలోకి గ్రామ పెద్ద రాడని మద్రాసు రాజధాని పేరెత్తి మరీ రాశారు. మనం అప్పుడు మద్రాసు కిందే కదా, అది మన మునసబుల సంగతే! దర్యాప్తు మొదలయ్యాక ముద్దాయి మాట మునసబు రాసుకోనేకూడదని మద్రాసు క్రిమినల్ రూల్సులో 72వ రూలు కూడా ఉండేది.

మరి మునసబు లేకుండా రైతులే కొట్టి చెప్పిస్తే? అక్కడే ఉంది మెలిక. 24వ సెక్షన్ అధికారం ఉన్నవాడి ఊసే ఎత్తింది, పక్కింటివాడిది కాదు. అలాగని జడ్జి ఊరుకోడు. బయటి మనిషితో ఒప్పుకోవడం బలహీనమైన సాక్ష్యమనీ, మనస్ఫూర్తిగా చెప్పినట్టు నమ్మకం కుదరాలనీ సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఏ మాటలన్నాడు, ఆ మనిషితోనే ఎందుకన్నాడు అని ఆరా తీస్తారు. ఒంటి మీద వాతలు కనబడితే ఇంకేం నమ్ముతారు?

1984లో ఎన్టీఆర్ మునసబు, కరణాలను తీసేశారు. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చి 24 కాస్తా 22 అయింది. 'బలవంతం' అన్న మాట కొత్తగా చేరింది. 'అధికారం ఉన్నవాడు' మాత్రం కదల్లేదు.

ఆ బస్తాలు బాపట్ల దగ్గర మిల్లులో కనబడ్డాయని అప్పట్లోనే ఎవరో అన్నారు. పాలేరు ఒప్పుకున్నాడుగా, ఇంకెందుకని ఒక్కడూ పోయి చూడలేదు. అసలు దొంగకు అంతకన్నా ఏం కావాలి?