విశ్వాసానికి అర్హత, సంశయానికి అవధి: ప్రాచీన సంశయవాదం నుంచి ఆధునిక వాదసిద్ధాంతం వరకు

చీకటిలో తాడును చూసి పామనుకోవడం భారతీయ దర్శన గ్రంథాల్లో సుపరిచితమైన దృష్టాంతం. క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతంలో గ్రీకు భాషలో రచనలు చేసిన సెక్స్టస్ ఎంపిరికస్ కూడా దీనిని పేర్కొన్నాడు. ప్రయోజనం మాత్రం వేరు. అద్వైతులకు అది అధ్యాసను బోధపరచే సాధనం. సెక్స్టస్ దృష్టి ఆ గదిలోకి వచ్చిన మనిషి తరువాత ఏమి చేస్తాడన్న దానిపై నిలిచింది. అతడు చుట్టగా పడి ఉన్న తాడును చూసి మొదట అదిరిపడతాడు. మళ్ళీ చూస్తే అది కదలడం లేదు. చలికాలంలో పాములు మొద్దుబారి పడి ఉంటాయని గుర్తుకు వచ్చి కర్రతో పొడిచి చూస్తాడు. అప్పటికి గాని అది తాడని నిశ్చయించుకోడు. ఈ క్రమంలో ఏ దశ వద్ద అతని విశ్వాసం సమర్థనీయమైంది?

విశ్వాసానికి చివరి పునాది ఏదన్న అన్వేషణగానే ఈ ప్రశ్న చరిత్రను చెప్పడం పరిపాటి. ఆ చరిత్రలో మరొక ధార కూడా ఉంది. ఏ సందేహానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత ఉంది, ఆ బాధ్యత ఎవరిది అన్నది దాని విచారణ. గ్రీకు సంశయవాదులు, నైయాయికులు, 20వ శతాబ్ది వాదసిద్ధాంతకర్తలు ఒకరికొకరు దూరంగా ఉండి కూడా ఈ విచారణను ముందుకు తీసుకువెళ్ళారు. దానిని అనుశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కార్నియాడిస్: పరీక్షలో తారతమ్యం

తాడు దృష్టాంతాన్ని సెక్స్టస్ కార్నియాడిస్ సిద్ధాంతాన్ని వివరించే సందర్భంలో చెప్పాడు. ఏథెన్సులోని అకాడమీకి అధిపతి అయిన కార్నియాడిస్ క్రీ.పూ. 155లో రాయబారిగా రోముకు వెళ్ళి, ఒకరోజు న్యాయాన్ని సమర్థిస్తూ, మరునాడు దానిని ఖండిస్తూ ఉపన్యసించాడని ప్రసిద్ధి. ఆయన స్వయంగా గ్రంథాలేవీ విడిచిపెట్టలేదు. సెక్స్టస్, సిసెరో వంటి వారి రచనల ద్వారానే ఆయన ఆలోచనలు తెలుస్తున్నాయి.

నిశ్చితమైన జ్ఞానం లభించదని అంటే మనిషి ఎలా జీవిస్తాడన్న ఆక్షేపణకు కార్నియాడిస్ మూడంచెల సమాధానం ఇచ్చాడు. నమ్మదగినట్లు తోచేది మొదటిది. దానితో పాటు వచ్చే ఇతర అనుభవాలేవీ దానికి విరుద్ధంగా లేకపోవడం రెండవది. ఆ అనుభవాలన్నింటినీ విడివిడిగా పరీక్షించి చూడడం మూడవది. ఎంత పరీక్ష అవసరమన్నది విషయం బరువును బట్టి మారుతుంది. చిన్న విషయానికి ఒక సాక్షి చాలు. పెద్ద విషయానికి పలువురు కావాలి. మరీ ముఖ్యమైన విషయంలో ఒక్కొక్క సాక్షినీ మిగిలిన వారి సాక్ష్యంతో సరిచూడాలి. శత్రువులు తరుముతున్న వాడికి ఎదురుగా ఉన్న గోతిలో మాటు వేసినవారు ఉన్నారని తోస్తే, పరీక్షకు వ్యవధి లేదు. తోచినదాన్ని బట్టి పక్కకు తప్పుకోవలసిందే. నిశ్చయానికి, అజ్ఞానానికి నడుమ పరీక్షల తారతమ్యం ఉందని గుర్తించడం ఈ సిద్ధాంతంలోని విశేషం.

అనవస్థా సమస్య

తరువాతి సంశయవాదులు మరింత కఠినమైన ఆక్షేపణ తెచ్చారు. అగ్రిప్పా పేరిట ప్రసిద్ధమైన ఐదు పద్ధతుల్లో మూడింటిని కలిపి చూస్తే దాని తీవ్రత తెలుస్తుంది. ఏ ప్రతిపాదనకైనా హేతువు అడగవచ్చు. ఆ హేతువుకు మరొక హేతువు చూపుతూ పోతే అనవస్థ. మొదటి దానికే తిరిగి వస్తే చక్రకం. హేతువు చూపకుండా ఆగిపోతే అది వట్టి ప్రతిజ్ఞ.

శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టే నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో దాదాపు ఇదే ఉచ్చును ప్రమాణాలపై బిగించాడు. ప్రమాణాలు వేరే ప్రమాణాల వల్ల సిద్ధిస్తాయంటే అనవస్థ. ప్రమాణం లేకుండానే సిద్ధిస్తాయంటే ప్రతిపక్షి తన సిద్ధాంతాన్నే వదులుకొన్నట్లు. ప్రమాణ ప్రమేయాలు పరస్పరం సిద్ధిస్తాయంటే అన్యోన్యాశ్రయం. పిర్రో అలెగ్జాండరు వెంట భారతదేశానికి వచ్చాడని డయోజెనిస్ లేర్షియస్ రాసినా, ఈ సాదృశ్యానికి ఆదానప్రదానాలే కారణమని చెప్పడానికి అంతమాత్రం చాలదు. హేతువును ప్రధానం చేసుకొన్న ఏ సంప్రదాయానికైనా ఈ సమస్య ఎదురు కాక తప్పదు.

త్రాసు, వ్యాఘాతం

నైయాయికుల సమాధానం ఒక నిత్యవ్యవహారపు వస్తువుపై నిలిచింది. బంగారాన్ని తూచేటప్పుడు త్రాసు ప్రమాణం. ఆ త్రాసు సరైనదో కాదో తెలుసుకోవడానికి బరువు తెలిసిన బంగారాన్ని వేసి చూస్తే, అప్పుడు బంగారం ప్రమాణమై త్రాసు ప్రమేయమవుతుంది. న్యాయసూత్రాలలోని ఈ పోలికను వాత్స్యాయనుడు విశదీకరించాడు. ప్రమాణాన్ని పరీక్షించవచ్చు, అయితే ప్రతి తూకానికి ముందూ పరీక్షించి తీరాలన్న నియమం లేదు. అనుమానం కలిగినప్పుడే పరీక్ష. ఆ అనుమానానికి కూడా కారణం ఉండాలి. అందుకే న్యాయశాస్త్రం సంశయాన్ని షోడశ పదార్థాలలో ఒకటిగా చేర్చి, దాని కారణాలను వర్గీకరించింది.

ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దీనికి ఒక అవధిని నిర్దేశించాడు. పొగకు నిప్పు కారణమా అని శంకించేవాడు పొగ కావలసినప్పుడు నిప్పునే వెదుకుతాడు; ఆకలి తీర్చుకోవడానికి అన్నాన్నే ఆశ్రయిస్తాడు. శంక స్వీయప్రవృత్తితో వ్యాఘాతం చెందే చోట ఆగిపోతుంది. 12వ శతాబ్దికి చెందిన శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో దీనిని తిప్పికొట్టాడు. వ్యాఘాతం ఉందంటే శంక కూడా ఉన్నట్లే. అలాంటప్పుడు వ్యాఘాతం శంకకు ఎల్ల ఎలా అవుతుంది? 14వ శతాబ్దిలో గంగేశుడు తత్త్వచింతామణిలో ఈ ఆక్షేపణను ఎదుర్కొంటూ, సంశయించేవాడి ప్రవృత్తే సంశయానికి ప్రతిబంధకమని నిలబెట్టాడు. ఈ వివాదం ముగిసిందని ఎవరూ అనలేరు. అయితే దాని ఫలితంగా సంశయం కూడా జవాబుదారీ వహించవలసిన వ్యాపారమని స్పష్టమైంది.

1958 తరువాత

ఆధునిక పాశ్చాత్య తత్త్వశాస్త్రం 1641లో డెకార్ట్ వెలువరించిన ధ్యానాలతో మళ్ళీ సార్వత్రిక సంశయం నుంచే బయలుదేరి, కదలని పునాదిని వెదికింది. ఆ అన్వేషణకు ప్రత్యామ్నాయంగా 1958లో రెండు గ్రంథాలు వెలువడ్డాయి. స్టీఫెన్ టూల్మిన్ వాదానికి గణితాన్ని విడిచి న్యాయస్థానాన్ని నమూనాగా తీసుకొన్నాడు. ప్రతిపాదన, ఆధారం, ఆ రెండింటినీ కలిపే నియమం, ఆ నియమానికి దన్ను, పరిమితి, అపవాదం అని ఆరు అంగాలు చూపాడు. బ్రస్సెల్స్‌కు చెందిన పెరెల్మన్, ఓల్‌బ్రెక్ట్స్ టిటెకా శ్రోతృసమాజం అంగీకారాన్ని కేంద్రంగా చేసుకొని, అంగీకృతమైన దానిని మార్చదలచినవాడే కారణం చూపాలని సూచించారు. 1970లో దోషాభాసాలపై గ్రంథం రాసిన హాంబ్లిన్ అందులో ఒక అధ్యాయాన్ని భారతీయ సంప్రదాయానికి కేటాయించాడు. 1984లో వాన్ ఎమరెన్, గ్రోటెన్‌డోర్స్ట్‌లు పక్షాన్ని ప్రతిపాదించినవాడు అడిగినప్పుడు దానిని సమర్థించవలసిందేనన్న విధిని చర్చా నియమాలలో చేర్చారు.

ఈ విచారణ పరిణతిని డగ్లస్ వాల్టన్ పరిశీలనా ప్రశ్నల్లో చూడవచ్చు. నిపుణుడి మాటను నమ్మేటప్పుడు అతడు ఆ రంగంలోనే నిపుణుడా, ఇతర నిపుణులు ఏమంటున్నారు, అతనికి స్వప్రయోజనం ఉందా అని అడగాలి. వీటిలో కొన్ని అడిగినంత మాత్రాన భారాన్ని వాదిపైకి మారుస్తాయి. అతడు పక్షపాతి అన్నటువంటి ఆక్షేపణకు ఆక్షేపకుడే ఆధారం చూపాలి. ఈ భేదాన్ని గణనరూపంలోకి తెస్తూ 2007లో గోర్డన్, ప్రాకెన్, వాల్టన్ రూపొందించిన నమూనాకు కార్నియాడిస్ పేరే పెట్టారు.

తెలుగు సాహిత్య చరిత్ర నుంచి ఒక నిదర్శనం

1909లో మానవల్లి రామకృష్ణకవి కుమారసంభవాన్ని ప్రకటించి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని వాదించారు. టూల్మిన్ పరిభాషలో చెబితే, కవి చెప్పుకొన్న వంశవివరాలు ఆధారం; శాసనాల్లోని అదే పేరు గల వ్యక్తి అతడే అన్నది నియమం. తెలుగు చోడ శాఖల్లో పేర్లు తరతరాలకూ పునరావృతమవుతాయి కనుక ఆ నియమానికి బలమైన అపవాదం ఉంది. ఇది వట్టి శంక కాదు. దానికి కారణం శాసనాల్లోనే ఉంది. నన్నయ కాలం రాజరాజనరేంద్రుని ఆస్థానంతో 11వ శతాబ్దిలో స్థిరపడినందువల్ల, వరుసను మార్చదలచినవారిపైనే నిరూపణ భారం నిలిచింది. ప్రతివాదులకూ బాధ్యత తప్పలేదు. కవిని 12వ శతాబ్దికి తేవడానికి జంగమ మల్లికార్జునుని గురుత్వం వంటి స్వతంత్ర సాక్ష్యాలను వారు చూపవలసి వచ్చింది.

బాధ్యత లేని సంశయం

స్వపక్షాన్ని నిలబెట్టకుండా పరపక్షాన్ని మాత్రమే ఖండించే వాదాన్ని న్యాయశాస్త్రం వితండ అన్నది. దాని ప్రమాదం శాస్త్రగోష్ఠులకే పరిమితం కాదు. పొగతాగడానికి, ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఉన్న సంబంధాన్ని 1950లో బ్రిటన్, అమెరికా అధ్యయనాలు వెల్లడించాయి. 1954 జనవరిలో అమెరికా సిగరెట్ తయారీదారులు నాలుగు వందలకు పైగా పత్రికల్లో ప్రకటన ఇచ్చి, సిగరెట్టే కారణమనడానికి నిరూపణ లేదని, ఇంకా పరిశోధన జరగాలని చెప్పారు. పైకి అది సంశయవాది మాటే. గ్రీకులో ఆ పేరుకు అన్వేషించేవాడని అర్థం. అతడు అదే గీటురాయిని తనకూ వర్తింపజేసుకొంటాడు. ఇక్కడ సంశయం ఒకవైపుకే ప్రయోగమయింది. సిగరెట్ నిరపాయకరమని నమ్మడానికి ఏ ఆధారం ఉందన్న ప్రశ్న దానిలో లేదు. ప్రాణాలకు సంబంధించిన విషయంలో పూర్తి నిరూపణ దాకా ఆగమనడం కార్నియాడిస్ ఎంచిన వ్యవధిని, విషయం బరువును రెండింటినీ విస్మరించడమే.

ముగింపు

కారణం గల సందేహాలకు విషయం బరువుకు తగినంతగా సమాధానం చెప్పగలిగినప్పుడు విశ్వాసం సమర్థనీయమవుతుంది. కొత్త కారణం ఎదురైతే ఆ అర్హత మళ్ళీ పరీక్షకు లోనవుతుంది. ఈ నిర్వచనం అగ్రిప్పా ఉచ్చును ఛేదించిందని చెప్పలేము. చర్చలో పాల్గొన్నవారందరూ అంగీకరించినదీ అసత్యం కావచ్చు. అడగవలసిన ప్రశ్న తెలిసినవాడికి ఆ చర్చలో చోటే దొరకకపోవచ్చు. అందుచేత నియమాల పాలనతో పాటు ప్రశ్నించే హక్కు ఎవరికి దక్కిందన్నదీ సమర్థనలో భాగమే. త్రాసు సరైనదని నమ్మి తూచడంలో దోషం లేదు. అనుమానానికి కారణం చూపినవాడి ఎదుట దానిని పరీక్షకు పెట్టకపోవడంలోనే దోషం ఉంది.